బదులు మనిషి

హలో… హలో, వినిపిస్తోందా? తియోదోరో గారేనండీ… దుమాంకాస్ గారు? … ఆఁ, పెట్టెయ్యకండి, పెట్టెయ్యకండి! ఏజెన్సీ నుంచి కాదు.

కాదండీ బాబూ, ఒట్టు. ఏజెన్సీ వాళ్ళు ఇంత మర్యాదగా మాట్లాడతారా?

నా పేరు క్రిసాంతో. ఓడ మీంచి… ఆ ఓడే. ఫుజైరా రేవు దగ్గర లంగరేసి ఉన్నాం. వంటవాణ్ణి. … అవును. మీరు ఎక్కితే దిగాల్సినవాణ్ణి నేనే.

…

అంత నిట్టూర్పా! నేనింకా ఏమీ అడగలేదు కదండీ.

నంబరా… ఏజెన్సీలో ఆ కళ్ళజోడమ్మాయి ఇచ్చింది. ఆమెను తిట్టకండి, నేనే ప్రాణం తీశాను. … ఏం చెప్పిందంటే— మీరు పొద్దుట్నుంచీ ఆ మనీలా హోటల్ గదికి గడియ పెట్టుకుని కూర్చున్నారట. ముక్కులో పుల్ల పెట్టే మనిషి కింద కాసుకుని ఉన్నాడట, సాయంత్రం దాకా చూసి వెళ్ళిపోతాడట. పరీక్ష లేకపోతే రేపు మీకు విమానం లేదు, మీరు రాకపోతే నాకు… అంతే చెప్పింది.

బతిమాలడానికే చేశాను. దాచేదేముంది.

…

ఇంతకీ మీది ఏ ఊరు? … అంటీకేనా! అరె, మరి మనిద్దరికీ ఈ మనీలా భాష ఎందుకండీ, చక్కగా మన ఇలోంగోలో తిట్టండి, హాయిగా ఉంటుంది. … నాది గిమారాస్. … ఆ, మామిడిపళ్ళ గిమారాస్. అందరూ అదే అంటారు. అక్కడ మనుషులు కూడా ఉంటారండీ.

హమ్మయ్య, నవ్వారు.

అన్నా అనొచ్చా మిమ్మల్ని? … నాకా, ముప్పైతొమ్మిది. … అయితే అన్నే.

చెప్పండన్నా. ఎన్నిసార్లు పెట్టారు మీకు ఆ పుల్ల? … మూడా? మరి మూడోది— ఆఁ, గడువు. విమానం వెనక్కి జరిగేసరికి రిపోర్టు పాతబడింది. అవునవును. మనిషి బాగానే ఉంటాడు, కాగితమే చచ్చిపోతుంది.

కిటికీ తెరుచుకోదా? … అసలే తెరుచుకోదా? … ఆ ఏసీ చప్పుడు నాకిక్కడికి వినిపిస్తోందిలెండి. నేను సముద్రమనుకున్నాను.

భోజనం డబ్బాలో పెట్టి, తలుపు కొట్టి పారిపోతారా… వంట చేసేవాడికి అంతకన్నా అవమానం ఉందా. ఏం పెట్టారివాళ? … మళ్ళీ చికెనే. … చల్లగా. … ఛీ.

ఏంటీ? ఆ గది అద్దె, పరీక్షల ఖర్చు మీ జీతంలోంచే కోస్తామన్నారా? ఎవరన్నారు? … కాగితం మీద చూపించారా, నోటిమాటేనా? … అలాగే అంటారు. రూలు ప్రకారం కంపెనీయే పెట్టుకోవాలన్నా. రూలు గోడకి అంటించి ఉంటుంది, మన చేత సంతకం పెట్టించుకునేది వేరే కాగితం.

…

అన్నా, ఒక్క మాట. కోపం తెచ్చుకోవద్దు. ఆ గది, ఆ పరీక్షలు, మళ్ళీ ఇప్పుడు తీసేది… మొత్తం నేను పెట్టుకుంటాను. … మా ఆవిడ లోర్నా డబ్బు రేపే పంపించేస్తుంది. మీ ఇంట్లోవాళ్ళ పేరు చెప్పండి, అంటీకేకి పంపించడం ఎంతసేపు—

కాదు, కొనడం కాదు—

అన్నా, మిమ్మల్ని కొనడం కాదు నా ఉద్దేశం—

తప్పయింది.

… తప్పయిందన్నానుగా.

…

ఉన్నారా? … ఊపిరి వినిపిస్తోంది, ఉన్నారు.

సరే, ఇంకో సంగతి చెప్తాను, వినండి. ఓడ మంచిదన్నా. నిజంగా. కెప్టెన్ తిండి దగ్గర పేచీ పెట్టడు. వంటగది పెద్దదే. … ఇరవైరెండుమందికి వండాలి, సగానికి పైగా మనవాళ్ళే. చింతపండు పులుసు పెట్టినా, ఎండుచేప వేయించినా ముక్కు మూసుకునేవాళ్ళు లేరు. ఆదివారాలు మైకు పెట్టుకుని పాటలు పాడుకుంటాం. … ఆ, మైకుంది. … ఇప్పటికీ పాడుతున్నారా అంటే…

ఎందుకడుగుతున్నారు?

…

తొమ్మిది నెలలకి సంతకం పెట్టి ఎక్కాను. … ఎప్పుడంటే, కిందటేడు జులైలో. … లెక్కెయ్యకండన్నా. నేను మానేశాను.

సింగపూర్‌లో దింపుతామన్నారు. పెట్టె సర్దుకున్నాను. రేవు మూసేశారు. కొలంబో అన్నారు. మళ్ళీ సర్దాను. ఓడ అక్కడ ఆగనే లేదు, అలా దీపాలు చూసుకుంటూ వెళ్ళిపోయాం. … ఈసారా? ఈసారి ఇంకా సర్దలేదు. … భయం. సర్దితే పోతుందేమోనని.

నవ్వకండి. … మీరూ అంతేనా? అయితే నవ్వండి.

ఇంట్లోనా… లోర్నా, ఇద్దరు పిల్లలు. లోర్నా వాకిట్లో ఒక పందిపిల్లని పెంచింది, నేను దిగిన రోజున కోసి ఊరందరికీ పెట్టాలని. అది ఇప్పుడు దూడంత అయింది. ఇంతలో పిల్లలు దానికి పేరు పెట్టేశారు. ఇంక దాన్నెవరు కోస్తారన్నా? కూతుర్ని కోసినట్టు.

…

ఆ, ఒడ్డు కనిపిస్తుంది. ఎదురుగుండానే. ఎర్ర కొండలు, ఒక మసీదు, రోడ్డు మీద కార్లు. ఎండ పడితే కార్ల అద్దాలు తళుక్కుమంటాయి. … ఊహూఁ, దిగనివ్వరు. లాంచీలో కూరగాయలొస్తాయి, తాడు కట్టి పైకి లాగుతాం. టమాటాలకి క్వారంటైన్ లేదు. మనకే.

… చెప్పండి.

…

ఏమన్నావ్?

'నీ గోల నాకెందుకు' అంటావా? … నాకెందుకంటావా! నువ్వు కూర్చున్నది మంచం మీద! నీ కాళ్ళకింద నేల కదలట్లేదు! గడియ తీసి నాలుగడుగులేస్తే వీధి, వీధి చివర బస్సు, ఇంటికెళ్ళిపోతావు! నాకేముంది, ఈ ఇనప డబ్బా చుట్టూ నీళ్ళు! నీ ఒక్కడి మొండితనానికి నేనిక్కడ—

ఏంటి?

… బస్సుల్లేవా. … పడవలు కూడానా? మనీలా నుంచి ఎవరూ రాకూడదనా. … ఎవరు, మీ ఊరి పెద్దా? … వచ్చినా ఇంటికి పోనివ్వరా. బడిలో పెట్టి తాళం వేస్తారు. … బెంచీల మీదే పడుకోవాలా. … మొన్న వెళ్ళినవాడి ఇంటి మీద రాళ్ళేశారా, ఓడవాడు రోగం తెచ్చాడని?

నిన్నగాక మొన్నటిదాకా ఆ ఇంటి ముందే కదా చందాలకి వరస కట్టింది.

…

క్షమించన్నా. నాకు తెలీదు. … క్షమించండి, ఇందాకట్నుంచి 'నువ్వు నువ్వు' అనేస్తున్నాను. … అలాగే అనమంటారా? … సరే. నువ్వు.

అయితే అటూ పోలేవు, ఇటూ రానంటావు. ఆ గదిలోనే ఉండిపోతావా ఏంటి? … రేపట్నుంచి అద్దె కూడా నీ నెత్తినే వేస్తారు, తెలుసా? … తెలిసే అంటున్నావా.

ఎందుకన్నా? ఓడలంటే నీకు కొత్తా? … ఇరవయ్యేళ్ళు. మరి?

…

ఎక్కడ? … మనీలా బేలోనా? ఏ ఓడ అది? … ఓ, షికారు ఓడ. ప్రయాణికుల్నందర్నీ ఎక్కడికక్కడ దింపేసి, పనివాళ్ళని మాత్రం… ఎన్నాళ్ళు? … వేసవంతానా! లంగరేసి! … సొంత దేశంలో రేవు ముందు.

… ఊఁ.

… ఇప్పుడు నీ గది కిటికీలోంచి కనిపించేది ఆ నీళ్ళేనా. … అదే చోటు. … అందుకా పరదా వేసేసుకున్నావు.

వింటున్నాను. చెప్పు.

… ఊఁ. … ఎవరు, నీ కూతురా? మనీలాలో చదువుతోందా అప్పుడు. … సముద్రపు గట్టు మీదికొచ్చింది.

… ఎన్ని ఓడలు? … పదో, పదిహేనో. … నువ్వు ఏ ఓడలో ఉన్నావో తెలీక…

అన్ని ఓడలకీ చెయ్యి ఊపిందా.

…

నువ్వు చూశావా? … బైనాక్యులర్స్‌లో. … మళ్ళీ నువ్వు ఊపినా తనకి కనపడదు. … పోలీసు వచ్చి పంపించేశాడు, మాస్కు సరిగా లేదని.

…

అన్నా. ఇంక నిన్నడగను. … లేదు, ఉడుక్కుని అనడం లేదు. ఇది విన్నాక కూడా రమ్మనడానికి నాకు నోరెలా వస్తుంది? పడుకో. ఆ పుల్ల మనిషిని పొమ్మను. ఏజెన్సీకి నేను చెప్తాను, నేనే వద్దన్నానని. … ఏదో ఒకటి చెప్తాను.

… ఏంటి?

నువ్వొస్తే మళ్ళీ నిన్నెవరు దింపుతారనా?

…

నాకు తెలీదన్నా. తొమ్మిది నెలలకి దింపుతారా, పద్దెనిమిదా, ఎవడికీ తెలీదు. కంపెనీకీ తెలీదు. ఇందాక ఓడ గురించి కొన్ని కోతలు కోశాను, ఈ ఒక్కటీ కొయ్యలేను.

… ఏవి కోతలంటే— కెప్టెన్ మంచివాడు, అది నిజమే. ఆయనా మాలాగే ఇరుక్కున్నాడు పాపం, ఆయన దేశమూ మూసేశారు. పొయ్యి ఎడమవైపుది వెలగదు. వంటగదిలోకి గాలి అస్సలు రాదు. బొద్దింకలు… చెప్పను, ఇవాళ రాత్రి నీకు అన్నం సయించదు. పాటలు కూడా అబద్ధం. ఎవరూ పాడటం లేదు. మైకు లేదు. సముద్రంలో పారేశాడు.

… ఇస్కో అని. ఇంజన్ రూంలో ఆయిలర్. బకొలోద్ వాడు, నా ఈడే. మేమిద్దరం ఒకేరోజు, ఒకే లాంచీలో ఎక్కాం. … కొట్టుకోవడం కాదు, తాగి కాదు. ఒక ఆదివారం ఎవరో పాడుతుంటే మెల్లిగా వచ్చి, వాడి చేతిలోంచి మైకు తీసుకుని, వైరు చుట్టి, జాగ్రత్తగా చుట్టి, రెయిలింగు మీంచి వదిలేశాడు. ఎవరూ ఆపలేదు. అసలు అందరికీ అదే చెయ్యాలనుందేమో.

…

అన్నా, ఇది నీకు చెప్పాలో వద్దో నాకు తెలీడం లేదు.

… సరే. విను. వాడు పని దిగాక ఓడ వెనక్కొచ్చి నిలబడేవాడు. రోజూ. ఫోన్ సిగ్నల్ కోసమనుకున్నాను, ఇక్కడే కాస్త దొరుకుతుంది, నేనిప్పుడు నిలబడింది కూడా ఇక్కడే. తర్వాత చూస్తే వాడి చేతిలో ఫోనే లేదు. ఒకరోజు నేను తొక్కలు పారబొయ్యడానికొచ్చాను. వాడి చెప్పులు కనపడ్డాయి. విప్పి, పక్కపక్కన, గుమ్మం ముందు పెట్టినట్టు పెట్టి ఉన్నాయి. వాడు… రెయిలింగుకి అవతల ఉన్నాడు.

…

అరవలేదు. అరిస్తే చెయ్యి వదిలేస్తాడేమోనని. 'ఇస్కో, వెల్లుల్లి ఒలవాలి, రా' అన్నాను. ఏమనాలో తెలీక అదే వచ్చింది నోట్లోంచి. … నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఇటు దిగాడు. చెప్పులేసుకున్నాడు. వచ్చి ఒలిచాడు.

అప్పట్నుంచి రోజూ ఒలిపిస్తున్నాను. ఇంత వెల్లుల్లి ఏ ఓడలోనూ ఎవడూ తిని ఉండడు. కెప్టెన్ అడిగాడు కూడా, ఏంటయ్యా రోజూ ఈ వెల్లుల్లి కూర ఆడోబోయేనా అని.

… చెప్పాను, కెప్టెన్‌కి చెప్పాను. ఆయన కంపెనీకి రాశాడు. వాళ్ళేదో నంబరిచ్చారు. చేస్తే ఒకావిడ ఇంగ్లిషులో, గట్టిగా ఊపిరి పీల్చుకోండి, నెమ్మదిగా వదలండి అంది. పీల్చాడు. వదిలాడు. ఆవిడ థాంక్యూ అని పెట్టేసింది.

ఇక్కడ వాడినీ దింపాల్సిందేనన్నా. నీతోపాటే రావాలి వాడి బదులు మనిషి. ఆ వచ్చేవాడికి మనీలాలో పాజిటివ్ వచ్చింది. … ఏమో, మీ హోటలేనేమో. ఇంకొకణ్ణి తయారుచెయ్యాలంటే వైద్యపరీక్షలు, గది, పుల్ల… ఓడ అన్నాళ్ళు ఆగదు. ఇస్కో పేరు కొట్టేశారు.

… అడిగాను. నా చోట్లో వాణ్ణి పంపమని అడిగాను. కుదరదట. వంటవాడు దిగాలంటే వంటవాడే ఎక్కాలి, ఆయిలర్ దిగాలంటే ఆయిలరే ఎక్కాలి.

నా పేరొచ్చిందని వాడికి నేను చెప్పలేదు. ఎలాగో విన్నాడు. మొన్న వచ్చి ఉన్న వెల్లుల్లంతా ఒలిచేశాడు. బస్తా మొత్తం. చేతులు కడుక్కుని, 'లోర్నాని అడిగానని చెప్పు' అన్నాడు. నిన్నట్నుంచి వంటగదికి రావట్లేదు. నేనే వెళ్ళి వెతుక్కుని తీసుకొస్తున్నాను.

…

ఎందుకు చెప్తున్నానా? నువ్వు రాకపోతే నీకిది అక్కర్లేదు, మర్చిపో. ఒకవేళ వస్తే… లాంచీ దగ్గర మనల్ని మాట్లాడుకోనివ్వరు. నువ్విటు ఎక్కుతావు, నేనటు దిగుతాను, మధ్యలో ఆ తెల్ల తొడుగులవాళ్ళు. ఫ్రీజరు తాళం ఎక్కడుందో కాగితం మీద రాసి గోడకి అంటిస్తాను. ఇది రాసి గోడకి అంటించలేను కదా.

… అవును. నాకోసమే ఫోన్ చేశాను, ఆ మాట ఎందుకు కాదనాలి? నాకు ఇంటికెళ్ళాలనుంది. వాణ్ణి వదిలేసి వెళ్ళాలనుంది, అర్థమవుతోందా నీకు? కూర తాలింపు పెడుతూ చెవి అటే వేసి ఉంచుతాను. నూనె మాడిపోతుంది. ఎక్కడైనా చెప్పుల చప్పుడు ఆగితే నా గుండె ఆగుతుంది. ఇంక నావల్ల కాదన్నా. నేను మంచివాణ్ణే, కానీ నావల్ల కావడం లేదు. నేను కూడా ఒక్కోసారి వాడి పక్కనే నిలబడి… నీళ్ళకేసి చూసి…

ఏం లేదు.

… ఏం లేదన్నా, వదిలెయ్.

…

…

అన్నా? … ఎక్కడికెళ్ళావు? … ఎవరితో మాట్లాడుతున్నావు? … గదిలో ఫోనా? … ఎవర్ని, పైకి రమ్మంటున్నావా?

అన్నా, నువ్వు జాలిపడి ఒప్పుకుంటే నేను… తర్వాత నన్ను తిట్టుకుంటావు. … తిట్టుకుంటానంటావేంటి, వెంటనే! … సరే, తిట్టుకో. రోజూ తిట్టుకో. వెల్లుల్లి ఒలిచినప్పుడల్లా తిట్టుకో.

ఉంటాను. లైన్లోనే ఉంటాను. ఫోన్ మంచం మీద పెట్టు.

…

వినిపిస్తోంది. … తల వెనక్కి వంచమంటున్నాడు, వంచు. … అయ్యో, అతన్ని తిట్టకన్నా! రోజంతా ఎన్ని ముక్కులు చూడాలి పాపం. … రెండోవైపు కూడానా.

… అయిపోయిందా? వెళ్ళిపోయాడా?

ఏడుస్తున్నావా? … ఆ, పుల్ల వల్లే. అవునవును, పుల్ల వల్లే. నాకూ ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది.

రిపోర్టు పొద్దున్నే ఇస్తారట. … విమానం ఉంటుంది. … ఉంటుందనే అనుకుందాం. ఈలోగా మళ్ళీ రూలు మారిస్తే ఫోన్ చేస్తాను, ఇద్దరం కలిసి తిట్టుకుందాం, ఒక్కణ్ణే తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది. … సర్దుకోవద్దంటావా? రిపోర్టు వచ్చేదాకా ఇద్దరం పెట్టె ముట్టుకోవద్దు. … సరే. మాట.

…

ఎవరు, ఇస్కోనా? … ఏం తింటాడా?

…

అదీ… ఏదీ సరిగ్గా తినడన్నా. పళ్ళెంలో అటూఇటూ కదుపుతాడు. … ఆగు, ఉంది. అడుగంటిన అన్నం. … ఆ, గిన్నె అడుగున మాడింది, దానిమీద చక్కెర చల్లి. చిన్నప్పుడు వాళ్ళమ్మమ్మ పెట్టేదట. … ఈ కుక్కర్లో మాడదన్నా, చిన్న గిన్నెలో విడిగా పెట్టాలి. నీళ్ళు కొంచెం తగ్గించి, సన్నటి మంట. కుడివైపు పొయ్యి మీద. … నల్లబడనివ్వకు. ఎర్రగా ఉన్నప్పుడే గీకెయ్యాలి.

… పెట్టి ఊరుకుంటే రాడు. అడగడన్నా వాడు. నువ్వే వెళ్ళి పిలవాలి.

… ఇప్పుడా? ఇంజన్ రూంలో ఉంటాడు, ఇంకాసేపట్లో దిగుతాడు. …

అదుగో, గంట కొట్టారు. ఉంటానన్నా. వాడు పైకొచ్చే వేళయింది.